బోర్డు మీద ఐదొందలు

పదకొండున్నర అయితున్నది.
బాదేపల్లి మార్కెట్ యార్డు, మూడో షెడ్డు.
పల్లికాయ ధర కనపడాల్సిన టీవీల
తెల్లటి తెర, దాని మీద నల్లగ
500.

"ఐదొందలా?" అన్నడు హమాలి బుగ్గప్ప.
"నిన్న ఆరువేల రెండొందలు గద!"
ఆ మాట కుప్ప నుంచి కుప్పకు పోయింది.
అది ధర గాదు, సర్వరుకు పానం బాగలేదని
కిటికీల నుంచి ఒర్లిన.
ఎవరికి వినపడ్డది?

నిన్న రాత్రి
మా పాత విండోసు డబ్బాల నుంచి
హైదరాబాదు సర్వరుకు పంపిన
మొగులయ్య సారు రాసిన పెర్ల్ ప్రోగ్రాము.
పద్నాలుగేండ్ల సంది
ఆముదాలు, మక్కలు, పల్లికాయ
దినామూ ధర చెప్పింది, ఒక్కనాడు నోరు మూయలే.
సారు ఇప్పుడు నారాయణపేటల ఉంటడు.
ఫోను ఎత్తలే.

ఎత్తకున్నా కోడు నడుమ ఆయన మాటలున్నయి,
హ్యాష్ గుర్తు ఎనుక, మిషను సదవని జాగల:
"జరీనా, తెరను నమ్మకు. లాగ్ ఫైలు సూడు.
తెర ఉత్తగ ఏడుస్తది.
ఎందుకేడుస్తున్నదో లాగ్ చెప్తది."

లాగ్ ఫైలు తోక వట్టుకున్న.
"అసొంటి ఫైలు లేదు" అన్నది.
ఉన్నది! నా కండ్ల ముందట్నే ఉన్నది!
హక్కులు సూసిన: ఏడు, ఐదు, ఐదు.
సింటాక్స్ అడిగిన: ఓకే అన్నది.
మొదటి వరుస సూసిన,
పెర్ల్ ఇల్లు ఏడున్నదో చెప్పే వరుస.
సి డ్రైవు తీసేసి కొత్త అడ్రసు నేనే రాసిన.
అక్షరం తప్పు లేదు.
లేదు లేదు అనుకుంట పది నిమిషాలు.

మళ్ల సారే, నూటపన్నెండో వరుస మీద:
"విండోసుల రాసిన ప్రతి వరుస చివర
కండ్లకు కానరాని ఒక అక్షరం ఉంటది,
పాత టైపుమిషను బండిని ఎనుకకు గుంజినట్టు.
ఈడ దానికి మర్యాద.
ఆడ అది మట్టిపెడ్డ."

పెర్ల్ అనే పేరుకు ఆ పెడ్డ అతుక్కుంటే
సర్వరు ఆ పెడ్డతోని కలిపే పేరు పిలుస్తది.
అసొంటి పేరుగల్లోడు ఊర్లె ఎవ్వడూ లేడు.
లేడంటది.
అబద్ధం గాదు.

జల్లెడ పట్టిన,
పెర్ల్‌తోనే పెర్ల్‌ను, ఒక్క వరుసల.
మూడొందల నలభై పెడ్డలు రాలినయి, చప్పుడు లేకుంట.

మళ్ల ఐదొందలే.
కని లాగ్‌ల ఈసారి మాట మారింది.
మాట మారితే సాలు, తొవ్వ దొరికినట్టే.
ధరల ఫైలుకు నేను పెద్ద డి పెట్టిన,
సారు చిన్న డి రాసిండు.
విండోసుకు ఇద్దరూ ఒక్కటే మనిషి,
సర్వరుకు ముఖం తెల్వని ఇద్దరు.
మార్చిన.

ముందుగాల తల వరుస పోయింది,
దాని ఎనుక ఒక ఖాళీ వరుస.
ఆ ఖాళీ లేకుంటే ఎంత మంచి ధరైనా గొంతుల్నే ఉంటది.
గుక్క తిప్పుకున్నట్టు ఆగి
తెర పలికింది:
పల్లికాయ 6310.

పన్నెండు ఇరవై.

"మిడ్జిల్ అంజిలమ్మ వాపసు పోయింది" అన్నడు బుగ్గప్ప.
"పదకొండు సంచులు. ట్రాలీల ఏసుకొని.
ఐదొందలకైతే ఎడ్లకే ఏస్తనన్నది."
గేటు రిజిస్టరు తిరగేసిన.
పేరున్నది, ఊరున్నది,
ఫోను నెంబరు గడి ఖాళీ.

నలభై తొమ్మిది నిమిషాలు
సెకండు సెకండుకు రాసుకున్నది లాగ్ ఫైలు.
కింది నుంచి పైదాంక సదివిన.
అండ్ల అంజిలమ్మ లేదు.

సాయంత్రం షెడ్లు ఊడ్చినంక
సారు మాటల కింద హ్యాష్ గుర్తు పెట్టి
నా మొదటి మాట రాసిన:
"చెడిపోయిననాడు తెర మీద అంకె పడనియ్యకు.
ఈడ ప్రతి అంకె ధరే.
'జర ఆగుండ్రి, మిషను చెడింది' అని
తెలుగుల పెట్టు, పెద్దక్షరాలల్ల."

సర్వరుకు పంపే ముందు
ఆ వరుస చివర పెడ్డ లేదు గదా అని
రెండుసార్లు సూసిన.